నేవీ నుంచి రిటైరైన నాన్న ఇంట్లోంచి కదలడం లేదు. తోటి ఎక్స్ సర్వీస్‌మెన్‌తో కలిస్తే మార్పు వస్తుందా?

మీ నాన్నగారు రిటైరై రెండేళ్లయిందని, పొద్దస్తమానం టీవీ ముందే ఉంటున్నారని, ఏదైనా ఎక్స్ సర్వీస్‌మెన్ సంఘంలో చేర్పిస్తే ఉపయోగముంటుందా అని అడిగారు. సంఘంలో చేర్పిస్తే శాలువా దొరుకుతుంది. మార్పు కావాలంటే చేతికి పని దొరకాలి.

నేనూ నేవీ వాణ్ణే, ఓడ ఇంజిన్ రూమ్‌లో 15 ఏళ్లు చేసి 2006లో బయటికొచ్చాను. అప్పటికి నా వయసు 33. విశాఖలో గోపాలపట్నంలో ఇల్లు తీసుకున్నాం. మొదటి ఏడాది ఆ ఇంజిన్ల హోరు లేక నిద్ర పట్టేది కాదు, చలికాలంలో కూడా ఫ్యాను ఐదు మీద పెట్టుకుని పడుకునేవాణ్ణి. తెల్లవారుజామున మూడున్నరకి టక్కున మెలకువ వచ్చేది. నాలుగు నుంచి ఎనిమిది వాచ్‌కి, అంటే ఓడలో డ్యూటీ షిఫ్టుకి, లేపే టైమ్ అది. ఓడలో ఎవడో ఒకడు వచ్చి భుజం పట్టి కుదిపేవాడు. ఇంట్లో లేపేవాడూ లేడు, లేచాక వెళ్లడానికి చోటూ లేదు.

బంధువులు మాత్రం మర్చిపోలేదు లెండి. ప్రతి పెళ్లికీ వారం ముందు ఫోన్ వచ్చేది, "బావా, క్యాంటీన్ బాటిళ్లు రెండు దొరుకుతాయా?" అని. నువ్వెలా ఉన్నావురా అని అడిగినవాడు ఒక్కడు లేడు. నేవీ డే విన్యాసాలుంటే ఆర్కే బీచ్‌లో ఇసుకేస్తే రాలనంత జనం. మర్నాటికి ఎవరి గోల వాళ్లది.

మా బాధకి మందు దొరికింది ఒక సీనియర్ చీఫ్ సాబ్ పెట్టిన మిస్డ్ కాల్ పద్ధతిలో. మొత్తం ఏడుగురం. పొద్దున్న ఆరింటికి మొదటివాడు రెండోవాడికి మిస్డ్ కాల్ ఇస్తాడు, రెండోవాడు మూడోవాడికి, అలా తిరిగి మొదటివాడి దగ్గరికి. ఆరున్నరకల్లా చుట్టు పూర్తవ్వాలి. ఎక్కడైనా ఆగిపోతే దగ్గర్లో ఉన్నవాడు ఇంటికెళ్లి చూసి రావాలి. దీన్ని మేం వాచ్ మార్చడం అంటాం. రూపాయి ఖర్చు లేదు, బాగున్నావా బాగున్నాను అనే నాటకమూ లేదు.

2019 వానాకాలంలో ఒకరోజు మల్కాపురం వాడి కాల్ రాలేదు. దగ్గర్లో ఉన్నవాడు ఊళ్లో లేడని నేనే బండి తీశాను. అప్పట్లో ఎన్‌ఏడీ దగ్గర ఫ్లైఓవర్ కడుతున్నారు, ఆ జంక్షన్ దాటడానికే అరగంట పట్టింది. తలుపు లోపల గడియ. ఐదు నిమిషాలు బాదితే తీశాడు. గళ్ల లుంగీ, మాసిన గడ్డం. సర్వీసులో గడ్డం పెంచాలంటే పర్మిషన్ అడగాలి, ఇప్పుడు అడగడానికి ఎవరున్నారు? వాళ్లావిడ కూతురి పురిటికని హైదరాబాద్ వెళ్లింది. గిన్నెలో ఎప్పటిదో అన్నం నీళ్లలో నానుతోంది. ఈసీహెచ్ఎస్‌లో (మాజీ సైనికుల వైద్య పథకం) ఇచ్చిన బీపీ మాత్రల అట్ట తెచ్చింది తెచ్చినట్టే ఉంది, ఒక్క మాత్ర చింపలేదు.

"ఏటయ్యింది రా?" అన్నాను.

"ఏటీ అవలేదు" అన్నాడు.

అక్కడితో అయిపోయింది. ఎదురెదురుగా కూర్చోబెట్టి మనసు విప్పు అంటే మగాడికి నోరు పెగలదు, అందులోనూ యూనిఫాం వేసినవాడికి అస్సలు పెగలదు. ఇది నేను రాసిస్తాను.

ఇంతలో బాత్రూంలో కుళాయి కారుతున్న చప్పుడు వినిపించింది. "పానా ఉందా?" అన్నాను. మంచం కింద నుంచి పెట్టె లాగాడు. పానాలన్నీ నూనె గుడ్డలో సైజు వరసలో ఉన్నాయి. ఇల్లంతా అంత చిందరవందరగా ఉన్నా ఆ పెట్టెలో మాత్రం ఒక్కటి అటూ ఇటూ కాలేదు. నేను కుళాయి విప్పి టెఫ్లాన్ టేపు చుడుతుంటే చూస్తూ ఊరుకోలేకపోయాడు. "ఎవడు నేర్పాడ్రా నీకు, మర తిరిగే వైపు కదా చుట్టాలి?" అని లాక్కున్నాడు. వాడు చుడుతున్నాడు, నేను టార్చి పట్టుకున్నాను. గోడకేసి చూస్తూనే అన్నాడు, "కాల్ కావాలనే ఇవ్వలేదురా. ఎవడైనా వస్తాడో రాడో చూద్దామని."

"వచ్చాను కదా, ముందు ఆ వాషర్ సరిగ్గా పెట్టు" అన్నాను. ఆ తర్వాత గంటసేపు వాడే మాట్లాడాడు. కుళాయి విషయానికొస్తే, అది ఇప్పటికీ కారుతూనే ఉంది.

కాబట్టి మీ నాన్నగారికి సలహాలు ఇవ్వకండి. బీచ్ రోడ్డులో మ్యూజియంగా మార్చిన కుర్సురా సబ్‌మెరైన్‌కి తీసుకెళ్లండి. 31 ఏళ్లు సర్వీసు చేసి 2001లో రిటైరైంది అది కూడా. లోపల గైడ్లుగా పనిచేసేది రిటైరైన నేవీ వాళ్లే. మీరు కాస్త పక్కకి తప్పుకోండి. పది నిమిషాల్లో మీ నాన్నగారు ఆ గైడ్ చెప్పేదాంట్లో తప్పులు పట్టకపోతే నన్నడగండి. ఆన్‌లైన్‌లో లైఫ్ సర్టిఫికెట్ పెట్టడం రాని పెద్దాయన ఎవరైనా మీ వీధిలో ఉంటే ఆ పనీ ఈయనకే అప్పగించండి.

తాగుడు ఎక్కువైనా, చచ్చిపోవాలనే మాట వచ్చినా అది పానాతో తేలే పని కాదు. వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. 14416కి చేస్తే టెలీ మానస్ వాళ్లు పగలైనా రాత్రైనా తెలుగులోనే మాట్లాడతారు. అక్కడ మొహమాటం వద్దు.

మీ నాన్నగారిది ఏ బ్రాంచో రాయలేదు. 2021 నుంచి మా చుట్టులో ఒక చోటు ఖాళీగా ఉంది. ఇంజిన్ వాడైతే రేపు ఆరింటి నుంచే వచ్చేయమనండి. ఎలక్ట్రికల్ వాడైనా పర్లేదు గానీ, వాళ్లు కాస్త గొప్పలు పోతారు.