డిబేట్‌కి వెళ్ళే ముందు

చిట్టీ,

"పక్క దేశం తన జనాన్నే చంపుకుంటుంటే మనం సైన్యాన్ని పంపొచ్చా" అన్నది టాపిక్ అనీ, టెన్షన్‌గా ఉందనీ రాశావు. బరంపురం బస్సెక్కే ముందు ఒకసారి నాతో కలిమెల సంతకి రా. మల్కనగిరిలో శరణార్థులకి కట్టిన, పేరు బదులు ఎంవీ అని నంబరు ఉన్న ఊళ్ళలో ఒకదాని నుంచి చేపలు తెచ్చే బెంగాలీ ముసలాయన ఉన్నాడు. మనతో బేరం తెలుగులో ఆడతాడు, డబ్బు లెక్క మాత్రం గొణుక్కుంటూ బెంగాలీలో పెడతాడు. తూర్పు పాకిస్తాన్ (ఇప్పటి బంగ్లాదేశ్) నుంచి వచ్చి, శరణార్థులకి ఇక్కడ చోటిచ్చిన దండకారణ్య ప్రాజెక్టు కింద స్థిరపడిన కుటుంబం. వాళ్ళొచ్చింది 1971 కంటే ముందు. వీళ్ళనీ 71లో వచ్చినవాళ్ళనీ కలిపేశావంటే జడ్జిల్లో ఎవరో ఒకరు పట్టేస్తారు.

71లో పాకిస్తాన్ సైన్యం తూర్పు పాకిస్తాన్ జనాన్ని చంపుతుంటే పారిపోయి మన దేశానికి వచ్చినవాళ్ళు దాదాపు కోటి మంది. డిసెంబరు 3న మనకీ పాకిస్తాన్‌కీ యుద్ధం, 16న ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగుబాటు. ఇది అందరూ చెప్పేదే. మనవాళ్ళు చెప్పనిది నువ్వు చెప్పు. 7వ తేదీన ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సభలో, కాల్పులు ఆపి సైన్యాలను వెనక్కి తీసుకోమని 104 దేశాలు ఓటేశాయి. వద్దన్నవి మనతో కలిపి 11. ఆ 104 దేశాలకీ జాలి లేదనుకోకు. కొత్తగా స్వాతంత్ర్యం వచ్చినవి వాటిలో చాలా ఉన్నాయి. ఈరోజు ఒకరి గడప దాటనిస్తే రేపు తమ గడపా దాటుతారని వాటి భయం. ఆ భయాన్ని వెటకారం చెయ్యకు.

అయినా మనం వెళ్ళడం సరైందనే అంటాను. మనది మంచి మనసు కాబట్టి అని మాత్రం వాదించకు. పాకిస్తాన్ రెండు ముక్కలైతే మనకి లాభమే, ముందే ఒప్పేసుకో. 1972 మార్చికల్లా మన సైన్యం వెనక్కి వచ్చేసింది, అక్కడ పట్టు పట్టు. దానికి ఎదురు ఉదాహరణ లిబియా. 2011లో అక్కడ సైనిక చర్యకి సమితి భద్రతా మండలి అనుమతి ఉంది, పౌరులను కాపాడడానికని. మన దేశం ఓటు వెయ్యకుండా ఊరుకుంది. అక్కడి పాలకుడు గద్దాఫీ పోయాక ఆ దేశం ఏమైందో చూస్తున్నాం కదా.

"ఎవరి దేశం వాళ్ళిష్టం" అని అవతలివాళ్ళు అంటే రువాండా తియ్యి. 1994లో అక్కడ వంద రోజుల్లో తమ దేశం వాళ్ళనే సుమారు 8 లక్షల మందిని చంపారు. సమితి సైనికులు అక్కడే ఉన్నారు. ఏప్రిల్‌లో, చంపుడు జోరుగా సాగుతుంటే, మండలి వాళ్ళ సంఖ్యను తగ్గించింది. దీన్ని గొంతు పెంచకుండా చెప్పు.

చేపలాయన్ని మాత్రం స్టేజీ మీదకి లాగకు. సైన్యం వెళ్ళడం మంచిదేనా అని ఒకసారి నేనే అడిగాను. కత్తిపీట మీద పొలుసు గీస్తూ, "తల ఉంచాలా, తీసెయ్యాలా?" అన్నాడు.

మీ తాతయ్య