నాన్నగారి డబ్బు, స్టాక్‌హోమ్‌లో షాపు

ప్రశ్న: ఎనిమిదేళ్లుగా స్టాక్‌హోమ్‌లో ఉంటున్నాం. నాది ఐటీ ఉద్యోగం, పర్మనెంట్ రెసిడెన్సీ ఉంది. తీరిక దొరికినప్పుడల్లా బట్టల మీద సొంత డిజైన్లు వేస్తుంటాను. ఈ ఏడాది రాజమండ్రిలో నాన్నగారి ఇల్లు అమ్మితే నా వాటాకి సుమారు 4 లక్షల స్వీడిష్ క్రోనర్లు వచ్చాయి. ఇక్కడ పేరున్న ఇంటి అలంకరణ షాపు స్వెన్స్క్ట్ టెన్ పెట్టిన ఎస్ట్రిడ్ ఎరిక్సన్ కూడా తండ్రి వదిలి వెళ్లిన డబ్బుతోనే మొదలుపెట్టిందట. నేనూ ఉద్యోగం మానేసి షాపు తెరవనా?

జవాబు: వ్యాపారం మొదలుపెట్టండమ్మా. కానీ ఉద్యోగం మానొద్దు, 4 లక్షలూ అందులో పోయొద్దు. మీరు చెప్పిన ఎస్ట్రిడ్ కథనే పూర్తిగా చూస్తే ఎందుకో తెలుస్తుంది.

1924లో ఆవిడ షాపు తెరిచేసరికి 30 ఏళ్లు. తండ్రి డబ్బు చిన్న మొత్తమే. అంతకుముందు ఆవిడ చేసినవి చూడండి: అమ్మానాన్నలు హోటల్ నడిపిన యో అనే ఊళ్లో పెరిగింది, స్టాక్‌హోమ్‌లో డ్రాయింగ్ టీచరు చదువు చదివి సొంత ఊళ్లో పాఠాలు చెప్పింది, ఆ తర్వాత చేనేత, హస్తకళల వస్తువులు అమ్మే సంస్థలో, ఇంటి అలంకరణ సంస్థలో పనిచేసింది. అంటే కొనేవాళ్లు ఏది చేతిలోకి తీసుకుంటారో, ఏది చూసి పక్కన పెట్టేస్తారో వేరేవాళ్ల జీతం మీద ఉండగానే నేర్చుకుంది. మీకు బొమ్మ వేయడం వచ్చు, కానీ ఇప్పటిదాకా ముక్కూ మొహం తెలియని మనిషికి ఎన్ని అమ్మారో మీ ఉత్తరంలో ఎక్కడా లేదు.

ఇంకొకటి. ఆవిడ ఎంచుకున్న సరుకు తగరం. షాపు పేరులోని టెన్ అంటే అదే. వెండి కొనలేనివాళ్లు కూడా కానుకగా కొనుక్కోగలిగే లోహం. చేసే పనికి నీల్స్ ఫౌగ్‌స్టెట్ అనే కళాకారుణ్ని తోడు తెచ్చుకుంది. 1925లో పారిస్ ప్రదర్శనలో బంగారు పతకం వచ్చింది, సముద్రపు ఒడ్డున స్ట్రాండ్‌వేగన్‌లోని ఆ ఖరీదైన చోటుకి 1927లో గానీ వెళ్లలేదు. మీరు చూసిన షాపు అదే కదా, అది మూడేళ్ల తర్వాతి మెట్టు.

నాకు ఆవిడలో అన్నిటికంటే నచ్చేది వేరే. తనూ కళాకారిణే, 1930ల చివర్లో తను గీసిన ఏనుగుల డిజైను ఇప్పటికీ అమ్ముడవుతోంది, అయినా షాపు గోడలు తన బొమ్మలతో నింపుకోలేదు. వియన్నా నుంచి వచ్చిన యూదు ఆర్కిటెక్ట్ జోసెఫ్ ఫ్రాంక్‌ని 1934లో పనిలోకి తీసుకుని, ఆయన కుర్చీలకూ పూల బట్టలకూ షాపంతా అప్పగించింది. ఆవిడ 50వ పుట్టినరోజుకి, 1944లో, అప్పటికి న్యూయార్క్‌లో ఉంటున్న ఆయన అక్కడి నుంచి 50 కొత్త డిజైన్లు పంపాడు! దేని పక్కన ఏది పెడితే జనం ఆగి చూస్తారో తెలిసిన కన్ను ఆవిడది. మీ డిజైన్లు ఎవరు ముద్రిస్తారు, లెక్కలు ఎవరు చూస్తారు? ఇప్పుడే ఆలోచించుకోండి.

ఇక మీ డబ్బు సంగతి. స్వీడన్‌లో వారసత్వ పన్ను లేదు, కానీ ఇల్లు అమ్మగా వచ్చిన లాభం వేరు. దానికి ఇండియాలో పన్ను కట్టి, స్వీడన్ రిటర్నులో కూడా చూపించాలి. అక్కడ కట్టినదానికి ఇక్కడ మినహాయింపు అడగొచ్చు. ఇది తేలేదాకా మొత్తం 4 లక్షలూ మీవి అనుకోకండి.

పన్ను పోను మిగిలినదాంట్లో లక్షన్నర ఇంటి ఖర్చులకు పొదుపు ఖాతాలో ఉంచండి, దాన్ని ముట్టుకోవద్దు. వ్యాపారానికి మొదటి ఏడాది లక్ష దాటకండి. తక్కినది రెండో ఏడాదికి, అదీ ఫండ్లలో కాకుండా పొదుపు ఖాతాలోనే ఉండాలి, ఎందుకంటే తొందరగా కావాల్సిన డబ్బు అది. అక్తియెబొలాగ్, అంటే లిమిటెడ్ కంపెనీ, పెడితే 25,000 క్రోనర్ల మూలధనం చాలు, నష్టం వచ్చినా మామూలుగా మీ సొంత ఆస్తి మీదకు రాదు. కానీ షాపు అద్దెకిచ్చే ఓనరు మీ వ్యక్తిగత హామీ అడిగితే సంతకం పెట్టొద్దు, పెట్టారంటే ఆ రక్షణ పోయినట్టే. అసలు మొదటి ఏడాది అద్దె షాపే వద్దు. ఒక విడత ముద్రించి క్రిస్మస్ సంతల్లో అమ్మి చూడండి.

ఉద్యోగానికి రాజీనామా అక్కర్లేదు. సొంత వ్యాపారం మొదలుపెట్టడానికి ఆరు నెలల వరకు సెలవు తీసుకునే హక్కు స్వీడన్ చట్టంలోనే ఉంది. మీరు ఆ కంపెనీలో కనీసం ఆరు నెలలుగా పనిచేస్తూ ఉండాలి, మీ వ్యాపారం వాళ్లకి పోటీ కాకూడదు, సెలవు వల్ల వాళ్ల పనికి పెద్ద ఇబ్బంది రాకూడదు, మూడు నెలల ముందు చెప్పాలి. జీతం రాదు, పొదుపు ఖాతాలో ఆ లక్షన్నర పెట్టమన్నది అందుకే. బట్టల డిజైన్లు మీ ఐటీ కంపెనీకి పోటీ ఎలా అవుతాయి, టెన్షన్ పడకుండా అడగండి.

సెలవు ఉత్తరం రాసే ముందు మొదటి విడతలో ఏం ముద్రిస్తారో, ఒక్కోటి ఎంత పడుతుందో, ఎంతకు అమ్ముతారో ఒక కాగితం మీద వేసి నాకు పంపండి, చూస్తాను.