నొప్పి పోతే మోకాలు సిద్ధమైనట్టు కాదు

తమ్ముడూ, ఏసీఎల్ (మోకాలి లోపల ఎముకలను కలిపి పట్టే లిగమెంట్) ఆపరేషనై ఐదు నెలలైంది, నొప్పి లేదు, క్లబ్‌వాళ్లు వచ్చే నెల టోర్నీకి రమ్మంటున్నారు, వెళ్లనా అన్నావు. ఇప్పుడే వెళ్లకు.

తెగిన లిగమెంట్ బదులు లోపల వేసిన కణజాలం, అంటే గ్రాఫ్ట్, మొదటి వారాల్లో గట్టిపడకపోగా బలహీనపడుతుంది. లిగమెంట్‌లా మారడానికి నెలలు పడుతుంది. నొప్పి తగ్గినంత మాత్రాన ఆ పని అయిపోయినట్టు కాదు. తొమ్మిది నెలల్లోపు దిగినవాళ్లకు మళ్లీ గాయమయ్యే ముప్పు బాగా ఎక్కువ. ఆ తర్వాత కూడా తొడ కండరం బలం రెండో కాలితో పోలిస్తే కనీసం 90 శాతం ఉందా, ఎగిరి దిగేటప్పుడు మోకాలు లోపలికి వాలుతోందా అన్నది ఫిజియోతో కొలిపించుకో.

అమెరికా బాస్కెట్‌బాల్ ఆటగాడు క్లే థాంప్సన్‌ను చూడు. 2019 జూన్‌లో అక్కడి పెద్ద లీగ్ ఎన్‌బీఏ ఫైనల్స్‌లో ఎడమ ఏసీఎల్ తెగింది. కోలుకుంటుండగానే 2020 నవంబరులో కుడి మడమ వెనకుండే అకిలిస్ స్నాయువు తెగింది. ఎంత నరకమో! 941 రోజుల తర్వాత, 2022 జనవరి 9న కోర్టులోకి వచ్చాడు. అంత పెద్ద ఆటగాడినీ ఆ రాత్రి 20 నిమిషాలే ఆడించారు, 17 పాయింట్లు చేశాడు. ఆ ఏడాది జూన్‌లో అతని జట్టు వారియర్స్ టైటిల్ గెలిచింది.

నువ్వు ఇప్పుడు షూటింగ్, తాకిడి లేని డ్రిల్స్ వరకే, అదీ ఫిజియో సరేనంటేనే. కోచ్‌కు కాదని చెప్పలేకపోతే సర్జన్‌తో కాగితం రాయించి చేతికివ్వు.