గాజు సిద్ధాంతాల్లోకి దిగేముందు

తల్లీ,

నీ మెయిల్ నిన్న రాత్రి రెండుసార్లు చదివాను. ద్రవం గాజుగా ఎందుకు బిగుసుకుంటుందో చెప్పే థియరీల్లో మోడ్ కప్లింగ్ థియరీ పట్టుకోవాలా, ఆడమ్-గిబ్స్ దారిలో వెళ్లాలా, లేక ఫెసిలిటేషన్ వాళ్లతో ఉండాలా అని ఇప్పటినుంచే టెన్షన్ పడుతున్నావు. రీసెర్చ్ మొదటి ఏడాది ఎవరి పక్షమూ వద్దమ్మా. ఏ థియరీ ఏ ఉష్ణోగ్రతల దాకా మాట్లాడుతుంది, ఏది సొంతంగా లెక్క కడుతుంది, ఏది మన డేటా దగ్గర అప్పు తీసుకుంటుంది, ఈ మూడూ నోట్‌బుక్‌లో రాసుకుంటూ పో.

అసలు చిక్కు ముందు కళ్లకు కట్టాలి. ద్రవాన్ని స్ఫటికం కానివ్వకుండా చల్లబరుస్తూ పోతే స్నిగ్ధత, అంటే పారకుండా అడ్డుకునే చిక్కదనం, పెరిగి పెరిగి 10¹² పాస్కల్ సెకన్లకు చేరుతుంది, ఆ చోటునే గాజుగా మారే ఉష్ణోగ్రత అంటున్నాం. గ్లిజరాల్‌కి అది 190 కెల్విన్ దగ్గర. మామూలు నీళ్లతో పోలిస్తే పది కోట్ల కోట్ల రెట్లు! కానీ అణువుల అమరిక చూస్తే దాదాపు వేడిగా ఉన్నప్పటిలాగే ఉంటుంది. కిక్కిరిసిన బస్సులో మధ్యలో ఇరుక్కున్నవాడు దిగాలంటే పక్కవాడు జరగాలి, పక్కవాడు జరగాలంటే వాడి పక్కవాడు జరగాలి. అందరూ నిలబడ్డ తీరు ఫొటోలో ఒకేలా కనిపిస్తుంది, కదలిక మాత్రం ఆగిపోతుంది.

1984లో బెంగ్ట్జెలియస్, గోట్జె, షోలాండర్ ముగ్గురూ, వాళ్లతో సంబంధం లేకుండా లాయ్‌టోయిసర్ తెచ్చిన మోడ్ కప్లింగ్ థియరీ గొప్పతనం ఇక్కడే ఉంది. అమరిక ఇవ్వు, కదలిక నేను చెబుతా అంటుంది. కణం కాసేపు చుట్టుపక్కలవాళ్ల పంజరంలో చిక్కుకుని తర్వాత బయటపడే ఆ రెండంచెల సడలింపుని (ద్రవం తన పాత అమరికను మెల్లగా మరిచిపోవడాన్ని) అది సమీకరణాల్లోంచే తీసింది. నాకు ఇప్పటికీ అది అందమైన పనే.

కానీ జాగ్రత్త. నువ్వు మొదలుపెట్టబోయే కోబ్-ఆండర్సన్ మిశ్రమంలో (రెండు రకాల కణాలు కలిపిన కంప్యూటర్ నమూనా ద్రవం అది) సిమ్యులేషన్ డేటాకి గీత అతికిస్తే ద్రవం ఆగిపోవాల్సిన ఉష్ణోగ్రత 0.435 వస్తుంది, ఇది కెల్విన్ కాదు, ఆ నమూనా సొంత కొలమానం. అదే అమరికను థియరీకి ఇచ్చి లెక్క కట్టిస్తే 0.92 దగ్గర వస్తుంది. రెట్టింపు పైనే! పైగా 0.435 కంటే కిందకి వెళ్లినా ద్రవం ఆగదు, నెమ్మదిగా పారుతూనే ఉంటుంది. నేను మొదట్లో ఆ కింది ఉష్ణోగ్రతల డేటాను వదిలేసి ఫిట్ చేశాను, గీత చక్కగా కూర్చుంది, తర్వాత రెండు పాయింట్లు కలపగానే ఆ ఉష్ణోగ్రత జరిగిపోయింది. ఎనిమిది నెలలు పోయాయి నాకు. కాబట్టి ఫిట్ బాగుందని థియరీ నెగ్గిందని అనుకోకు, రేంజ్ మార్చి మార్చి చూడు.

మిగతావి ఇప్పుడు పరిచయం మాత్రం చాలు. ఇంకా చల్లబరుస్తూ పోతే ద్రవం ఎంట్రోపీ (అణువులు ఎన్ని రకాలుగా అమరగలవనే లెక్క) స్ఫటికం కంటే తగ్గిపోతుందా అని 1948లో కౌజ్‌మన్ లేవనెత్తిన ప్రశ్న, ఆ ఎంట్రోపీ తగ్గడంతోనే కదలిక మందగిస్తుందన్న 1965 ఆడమ్-గిబ్స్, దాని మీద కిర్క్‌ప్యాట్రిక్, తిరుమలై, వోలైన్స్ కట్టిన ఆర్‌ఎఫ్‌ఓటీ (ర్యాండమ్ ఫస్ట్ ఆర్డర్ ట్రాన్సిషన్ థియరీ) ఒక వైపు. 1984లోనే ఫ్రెడ్రిక్సన్, ఆండర్సన్ పెట్టిన నమూనా ఇంకో వైపు, కదిలిన చోటే పక్కచోటును కదలనిస్తుందనే ఫెసిలిటేషన్ వాళ్ల మూలం అదే, అక్కడ ఎంట్రోపీ ఊసే ఉండదు.

ఇక చేతిపని. ప్రతి ఉష్ణోగ్రత దగ్గరా ద్రవం నిజంగా కుదుటపడిందో లేదో చూడకుండా కొలవకు. రన్ మొదటి సగంలో, రెండో సగంలో సడలింపు వక్రాలు వేరుగా వేసి చూడు, ఒకదానిపై ఒకటి పడకపోతే అది ఇంకా ముదురుతున్న గాజు, సమతాస్థితి ద్రవం కాదు. సిమ్యులేషన్ పెట్టె సైజు కూడా మార్చి చూడు. మన హైదరాబాద్ టీఐఎఫ్‌ఆర్ (టాటా ఫండమెంటల్ రీసెర్చ్ సంస్థ)లోనూ, బెంగళూరులోనూ ఈ పనిలో తలపండినవాళ్లున్నారు, వాళ్ల సెమినార్లు వదలకు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు ల్యాప్‌టాప్ తెచ్చుకో. ఆ రెండు సగాల గ్రాఫులు నాకు చూపించాకే ఫిట్ మొదలుపెట్టు.

మామయ్య