ట్యాక్స్ హెల్ప్‌లైన్‌కి మళ్ళీ ఫోన్ చేసే ముందు ఇది చదువు

స్వాతీ,

నీ వాయిస్ మెసేజ్ మొత్తం విన్నాను, వెనకాల హోల్డ్ మ్యూజిక్‌తో సహా. ఏడుపొక్కటే తక్కువ నీకు. జీతంలోంచి పన్ను కోసేశారు, రిటర్న్ టైముకే వేశావు, అయినా 38,000 కట్టమని నోటీసు వచ్చింది. ఫోన్ చేస్తే ఒకరు ఆగమన్నారు, ఒకరు మీ ఏఓని (నీ పన్ను చూసే అసెసింగ్ ఆఫీసర్‌ని) అడగండన్నారు, ఇంకొకరు చెబుతూ ఉండగానే లైన్ కట్టయింది. అకౌంట్స్ సెక్షన్‌లో ఉన్నన్నాళ్ళూ ఇలాంటి టీడీఎస్ (జీతంలో ముందే కోసే పన్ను) గొడవలతోనే సరిపోయింది నాకు, రిటైరయ్యాక చుట్టాలందరివీ నా నెత్తికే చుట్టారు, కాబట్టి మేనత్త చాదస్తం అనుకోకుండా చివరిదాకా చదువు.

ముందు ఒకటి బుర్రకెక్కించుకో. ఫోనెత్తిన ఆ పిల్లాడికి నీ బాకీ కొట్టేసే అధికారం లేదు. పోట్లాడినా లేదు, బతిమాలినా లేదు. అతని దగ్గర నీకు దొరికేవి రెండే: నీ కేసు ఎవరి దగ్గర ఆగింది, దాన్ని కదపాలంటే ఆదాయపు పన్ను పోర్టల్‌లో ఎక్కడికి వెళ్ళాలి. ఆ రెండూ రాసుకుని పెట్టేయ్. నీ కథంతా మొదట్నుంచి చెప్పడం మొదలుపెడితే అతను వింటాడు, పాపం వినడమే అతని ఉద్యోగం, నీకు అరగంట పోతుంది.

అసలు ఫోన్ కన్నా ముందు చేయాల్సిన పని నువ్వు చేయలేదని నా అనుమానం. నీకు మెయిల్‌లో వచ్చిన 143(1) ఇంటిమేషన్, అదే నీ రిటర్న్‌ని సరిచూసి శాఖ పంపే లెక్క కాగితం, తెరిచావా? దాని పాస్‌వర్డ్ నీ పాన్ చిన్న అక్షరాల్లో, వెంటనే పుట్టినతేదీ ఎనిమిది అంకెల్లో. అందులో రెండు నిలువు వరసలుంటాయి, ఒకటి నువ్వు రిటర్న్‌లో చూపించింది, రెండోది రిటర్న్‌లు ప్రాసెస్ చేసే బెంగళూరు కేంద్రం సీపీసీ లెక్కగట్టింది. పైనుంచి కిందికి వేలు పెట్టి చూసుకుంటూ రా, రెండు అంకెలూ ఎక్కడ విడిపోయాయో అక్కడే నీ గొడవ ఉంది. ఆదాయం దగ్గర తేడా వస్తే అదో కథ. ఆదాయం సరిపోయి కింద టీడీఎస్ దగ్గర తేడా వస్తే పూర్తిగా వేరే కథ. నువ్వు చెప్పినదాన్నిబట్టి నీది రెండోదే. ఇప్పుడు నోటీసులో ఉన్న 2024-25 అసెస్‌మెంట్ ఇయర్‌కి, అంటే 2023-24 జీతానికి, ఫారం 26ఏఎస్ (నీ పాన్ మీద జమైన పన్నుల చిట్టా) తీసి పక్కన పెట్టుకో. నువ్వు మానేసిన పాత కంపెనీ పేరు కింద జనవరి, ఫిబ్రవరి, మార్చి ఎంట్రీలు ఉన్నాయా?

లేకపోతే హెల్ప్‌లైన్‌కి నువ్వు వెయ్యిసార్లు ఫోన్ చేసినా దండగే, ఎందుకంటే తప్పు అక్కడ లేదు. నీ జీతంలో కోసిన పన్ను కంపెనీ ప్రభుత్వానికి కట్టాలి, కట్టాక మూడు నెలలకోసారి 24క్యూ అనే స్టేట్‌మెంట్ వేసి అందులో నీ పాన్ నంబరుకి ఎదురుగా ఎంత కట్టామో చూపించాలి. అప్పుడే అది నీ 26ఏఎస్‌లోకి వస్తుంది. కాబట్టి జరిగింది మూడింట్లో ఒకటి: డబ్బు కట్టలేదు, కట్టి స్టేట్‌మెంట్ వేయలేదు, లేదా వేసి నీ పాన్‌లో ఒక అక్షరం తప్పు కొట్టారు. మూడోది నువ్వనుకునేదానికన్నా ఎక్కువగా జరుగుతుంది, దిద్దడం కూడా తేలిక, ఒక కరెక్షన్ స్టేట్‌మెంట్ వేస్తే చాలు. కానీ వేయాల్సింది కంపెనీయే. నీ తరఫున ఆదాయపు పన్ను శాఖలో ఎవరూ వేయరు, వేయలేరు.

ఏది జరిగిందో పసిగట్టడానికి కంపెనీ ఇచ్చే టీడీఎస్ సర్టిఫికెట్, ఫారం 16 చూడు. చాలామంది జీతం లెక్కలున్న పార్ట్ బి చూసుకుని మురిసిపోతారు. నాకు కావాల్సింది పార్ట్ ఎ. అది శాఖవాళ్ళ టీడీఎస్ సైట్ ట్రేసెస్ నుంచే డౌన్‌లోడ్ అవుతుంది, మూడేసి నెలలకి ఎంత కోశారు, ఎంత జమ చేశారు, ఆ స్టేట్‌మెంట్ రసీదు నంబరు ఏమిటి అన్నీ అందులో ఉంటాయి. నీ దగ్గర పార్ట్ ఎ లేకుండా కంపెనీ లెటర్‌హెడ్ మీద కొట్టిచ్చిన కాగితం ఒక్కటే ఉంటే మాత్రం నాకు అనుమానమే. మానేసి వెళ్ళినవాళ్ళ పని అంటే హెచ్‌ఆర్‌వాళ్ళకి ఎప్పుడూ రేపే. అందుకే ఫోన్ చేయకు, మెయిల్ పెట్టు, హెచ్‌ఆర్‌తో పాటు ఫైనాన్స్‌వాళ్ళకీ పెట్టు. "నా జీతంలో ఆ మూడు నెలలకి ఇంత టీడీఎస్ కోశారు, 26ఏఎస్‌లో కనబడటం లేదు, కరెక్షన్ స్టేట్‌మెంట్ వేసి రసీదు పంపండి" అని రాసి, పేస్లిప్పులు జత చెయ్. స్టేట్‌మెంట్ ఆలస్యమైతే 234ఈ సెక్షన్ కింద రోజుకి 200 రూపాయల ఫీజు పడుతుందన్న సంగతి కూడా మర్యాదగానే గుర్తుచెయ్. ఆ ఒక్క వాక్యానికి ఫైనాన్స్‌వాళ్ళు నిద్రలేస్తారు.

వాళ్ళు నిజంగా డబ్బు కట్టకుండా మింగేసి ఉంటే? భయపడకు. 1961 ఆదాయపు పన్ను చట్టంలో 205 సెక్షన్ ఉంది, నీ దగ్గర కోసేసిన పన్నుని కోసినంత మేరకు మళ్ళీ నిన్ను కట్టమనకూడదు. ఇలాంటి బాకీల కోసం బలవంతపు వసూళ్ళు చేయొద్దని శాఖ పై బోర్డు సీబీడీటీ 2015లో తన అధికారులకి ఆదేశం ఇచ్చింది, 2016 మార్చిలో మళ్ళీ గుర్తుచేసింది. అయితే కోశారని రుజువు చూపించాల్సింది నువ్వే, అందుకని ఆ నెలల పేస్లిప్పులు, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంటు ఇవాళే ఒక ఫోల్డర్‌లో వేసుకో. ఆ కంపెనీ లాగిన్ ఇంకా పనిచేస్తుంటే వెంటనే దించుకో, రేపు పనిచేస్తుందన్న గ్యారంటీ లేదు.

ఈలోగా పోర్టల్‌లో జవాబు ఇవ్వాలి, ఇది మాత్రం వాయిదా వేయొద్దు. పెండింగ్ యాక్షన్స్‌లో రెస్పాన్స్ టు అవుట్‌స్టాండింగ్ డిమాండ్ అని ఉంటుంది. అక్కడ డిమాండ్ సరైనదే అన్నది పొరపాటున కూడా నొక్కకు, ఒకసారి ఒప్పుకుంటే తర్వాత కాదనడానికి ఉండదు. విసుగొచ్చి, పీడా పోతుందని అది నొక్కేసిన మహానుభావులు మన చుట్టాల్లోనే ఉన్నారు. డిస్అగ్రీ ఎంచుకుని, కారణం రాసి సబ్మిట్ చేసి, వచ్చిన ట్రాన్సాక్షన్ ఐడీ దాచుకో. డిమాండ్ నోటీసు అందిన 30 రోజుల తర్వాత నెలకి ఒక శాతం చొప్పున వడ్డీ పడుతుంది, పైగా నీ వచ్చే ఏడాది రీఫండ్‌ని దీనికి సర్దేస్తామని 245 సెక్షన్ కింద ఇంకో నోటీసు కూడా రావచ్చు. నువ్వు ఫోన్‌లో హోల్డ్‌లో ఉన్నావని ఆ గడువులు ఆగవు.

కంపెనీ దిద్ది, 26ఏఎస్‌లో ఎంట్రీ కనబడ్డాక రెక్టిఫికేషన్‌లోకి వెళ్ళి రీప్రాసెస్ ద రిటర్న్ పెట్టు. నీ రిటర్న్‌లో తప్పేం లేదు కాబట్టి అదే సరిపోతుంది, కొత్త అంకెలేవీ కొట్టకు.

ఇక ఫోన్. ఇప్పుడైనా చేయాల్సి వస్తే, నంబరు పోర్టల్‌లోంచే తీసుకో, గూగుల్‌లో పైన కనబడిందల్లా నొక్కకు, నకిలీ నంబర్లు బోలెడు. జులై చివరి వారంలో చేయకు, ఊరంతా అప్పుడే చేస్తుంది. పొద్దున్నే లైన్లు తెరిచే వేళకి చెయ్. పాన్, అసెస్‌మెంట్ ఇయర్, అక్‌నాలెడ్జ్‌మెంట్ నంబరు, నోటీసు మీద ఉన్న డీఐఎన్ (ఆ నోటీసు గుర్తింపు నంబరు) ఒక కాగితం మీద పెద్దగా రాసుకుని కూర్చో. అవతల మనిషి నమస్కారం పూర్తికాగానే "143(1)లో టీడీఎస్ తేడా వచ్చింది, ఇప్పుడీ డిమాండ్ సీపీసీ దగ్గరుందా, నా ఏఓ దగ్గరుందా?" అని ఒక్క ప్రశ్న వెయ్. చెప్పింది తిరిగి అతనికే చదివి వినిపించు, చాలామంది అక్కడ తమ మాట సరిదిద్దుకుంటారు. టికెట్ నంబరు అడుగు, తేదీ వేసి రాసుకో. ఏఓ దగ్గరుందన్నాడనుకో, నో యువర్ ఏఓ పేజీలో పాన్ కొడితే వార్డు, ఆఫీసు మెయిల్ వస్తాయి, ఆ మెయిల్‌కి రాయి. అక్కడా ఉలుకూ పలుకూ లేకపోతే పోర్టల్‌లోనే గ్రీవెన్స్ పెట్టు, ఆ పాత టికెట్ నంబరూ తేదీలూ అప్పుడు పనికొస్తాయి.

శాఖవాళ్ళమని ఎవరైనా నీకు ఫోన్ చేసి రీఫండ్ ఇస్తాం ఓటీపీ చెప్పమంటే మాత్రం మారుమాట్లాడకుండా పెట్టేయ్. శాఖవాళ్ళు ఓటీపీలూ పిన్నులూ అడగరు. నోటీసు నిజమో కాదో అనుమానమొస్తే డీఐఎన్ పోర్టల్‌లో కొట్టి చూసుకోవచ్చు, లాగిన్ కూడా అక్కర్లేదు.

మీ నాన్న కూడా తనకేదో 2012-13 నాటి 6,000 బాకీ ఇంకా ఉందని బెంగ పెట్టుకున్నాడు కదా. 2024 మధ్యంతర బడ్జెట్‌లో పాత చిన్న డిమాండ్లు మాఫీ చేశారు, 2011-12 నుంచి 2015-16 అసెస్‌మెంట్ ఇయర్లకి ఒక్కో డిమాండ్ 10,000 దాకా. అన్నయ్యది అందులోకి వస్తుంది. వాడి లాగిన్ తెరిచి కొట్టేశారో లేదో చూడమను, వాడి పాస్‌వర్డ్ ఎలాగూ నీకే తెలుసు.

పార్ట్ ఎ దొరగ్గానే నాకు వాట్సాప్‌లో పెట్టు, నీ పాన్ కనబడకుండా చేసి. కంపెనీ మెయిల్ పంపే ముందు ఒకసారి నాకు చూపించు, నీ ఇంగ్లీషు మంచిదే గానీ అవసరం లేని చోట సారీలు ఎక్కువ పెడతావు.

మీ అత్త