ఎడ్డీని నిషేధించిన షాపు

"ఫైటింగ్ గేముల్లో ఒకే దెబ్బను పదేపదే వాడి, కాస్త ఆధిక్యం రాగానే టైం అయిపోయేదాకా వెనక్కి పోతూ గెలిచేవాళ్ళను ఏమనాలి? గెలుపు కోసం ఏమైనా చేయవచ్చా?" అని అడిగారు. మీ స్నేహితుడు టెక్కెన్ 8లో ఇలాగే ఆడుతున్నాడనీ, అందరూ కలిసి అతనితో ఆడటం మానేద్దామనుకుంటున్నారనీ కూడా రాశారు.

మానేయకండి. ఆట ఒప్పుకున్న ప్రతి దెబ్బా న్యాయమైనదే. ఇందులో నాకు రవ్వంత సందేహం కూడా లేదు. ఒక షాపు నిండా ఉన్న మంచి ఆటగాళ్ళు, మీరు ఇప్పుడు అనుకుంటున్న పనే చేసి, ఆట ఎలా పోగొట్టుకున్నారో నేను కళ్ళారా చూశాను.

2000 తర్వాత తొలి సంవత్సరాల్లో మా బాబాయికి గుంటూరు బ్రాడీపేటలో వీడియో గేమ్ షాపు ఉండేది. ఇరుకు గది, నాలుగు టీవీలు, నాలుగు ప్లేస్టేషన్లు. వాటిలో ఒకటి బోర్లా పెడితే తప్ప సీడీ చదివేది కాదు. చుట్టుపక్కల అన్నీ ట్యూషన్లు, కాలేజీలు కాబట్టి సాయంత్రమయ్యేసరికి క్లాసు ఎగ్గొట్టిన కుర్రాళ్ళతో గది కిటకిటలాడేది. నేను అప్పుడు హైస్కూల్లో ఉన్నాను. బడి వదిలాక కౌంటర్ దగ్గర కూర్చుని డబ్బులు తీసుకోవడం, ఎవరు ఎప్పుడు మొదలుపెట్టారో నోటుపుస్తకంలో రాయడం నా పని. ఆడపిల్లనని నన్ను ఎవరూ ఆటకు పిలిచేవారు కాదు. అందువల్ల చూడటానికి కావలసినంత తీరిక దొరికింది. ఆడేవాడి కళ్ళు తన బొమ్మ మీదే ఉంటాయి. వెనక కూర్చున్నవాళ్ళకు రెండు బొమ్మలూ కనిపిస్తాయి.

అందరూ ఆడేది టెక్కెన్ 3. జపాన్ కంపెనీ నామ్కో 1997లో ఆర్కేడ్‌లకు (నాణెం వేసి ఆడే మెషీన్లుండే చోట్లకు), ఆ మరుసటి ఏడాది ప్లేస్టేషన్‌కు తెచ్చిన ఆట అది. మా షాపులో పద్ధతి ఏమిటంటే, గెలిచినవాడు కుర్చీలోంచి లేవనక్కరలేదు, ఓడినవాడు ఇద్దరి డబ్బులూ కట్టాలి. ఈ పద్ధతి నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. జేబులో చిల్లర ఉన్నవాడికి ఓటమి ఒక పాఠం, లేనివాడికి అవమానం. ఊళ్ళో సగం షాపుల్లో గొడవలు ఆట వల్ల వచ్చినవి కావు, ఈ లెక్క వల్ల వచ్చినవే. సరే, అది వేరే కథ.

షాపులో అందరూ ఒప్పుకున్న మొనగాడు ఒక డిగ్రీ కుర్రాడు. హ్వొరాంగ్ అనే బొమ్మను తీసుకుని గాల్లో తన్నుల వరుస మొదలుపెడితే వెనక నిలబడ్డవాళ్ళు ఈలలు వేసేవారు. ఒక ఆదివారం అతని ఎదురుగా ఒక హాస్టల్ కుర్రాడు వచ్చి కూర్చున్నాడు. ఇంటర్ మొదటి సంవత్సరం, సన్నగా ఉండేవాడు, ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. అతను ఎడ్డీ గోర్డోను తీసుకున్నాడు. ఎడ్డీ బ్రెజిల్ కాపోయిరా ఆడే బొమ్మ. సగంసేపు చేతుల మీదో నేల మీదో ఉండి కాళ్ళు తిప్పుతూ ఉంటాడు. హాస్టల్ కుర్రాడు చేసిందల్లా నేల మీద పడుకుని కాళ్ళ దగ్గర ఊడ్చినట్టు తన్నడం, దగ్గరకు వస్తే మళ్ళీ తన్నడం. కొంచెం ఆధిక్యం రాగానే వెనక్కి జరిగి గడియారం సున్నాకు వచ్చేదాకా ఆగేవాడు.

మొనగాడు ఓడిపోయాడు. డబ్బులు కట్టి మళ్ళీ కూర్చుని మళ్ళీ ఓడిపోయాడు. ప్రతిసారీ నిలబడే కాచుకున్నాడు, ప్రతిసారీ కాళ్ళకే తగిలింది. చివరికి రిమోట్ (కంట్రోలర్‌ను మేము రిమోట్ అనేవాళ్ళం) నేలకేసి కొట్టి, "ఇది ఆటా? తొండి! దమ్ముంటే లేచి నిలబడి ఆడరా" అని అరిచాడు. గది మొత్తం అతని వైపే మాట్లాడింది. హాస్టల్ కుర్రాడు తల ఎత్తకుండా, "కింద కొట్టడం ఆటలో ఉంది కదన్నా" అన్నాడు. అంతే, ఇంకో మాట లేదు.

నాకు ఒళ్ళు మండింది. కిందికీ వెనక్కీ ఉండే బటన్లు కలిపి పట్టుకుంటే ఆ తన్ను తగలదు. అది తగలకపోతే ఎడ్డీ ఒక్క క్షణం బిగుసుకుపోతాడు, అప్పుడు లేస్తూ ఒక్కటి ఇస్తే గాల్లోకి లేస్తాడు. కౌంటర్ దగ్గర కూర్చున్న నాకు కనిపించింది, ఈలలు వేయించుకున్నవాడికి కనిపించలేదు. "బాబాయ్, వంగి కాచుకుంటే సరిపోతుంది, చెప్పు వాళ్ళకు" అన్నాను. "నువ్వు ఊరుకో తల్లీ, వాళ్ళంతా అలిగి వెళ్ళిపోతే గిరాకీ ఏం కాను?" అన్నాడు. మర్నాటికి గోడ మీద సుద్దతో రాసి ఉంది: ఎడ్డీని తీసుకోకూడదు, వరసగా మూడుసార్లకు మించి కింద కొట్టకూడదు.

ఆ సుద్దరాతతో ఏమి పోయిందో వివరంగా చెప్పాలి. టెక్కెన్ నిలబడేదే కింద, మధ్య, పైన అనే మూడు ఎత్తుల మీద. నిలబడి కాచుకుంటే పైదెబ్బా మధ్యదెబ్బా ఆగుతాయి, కిందిది తగులుతుంది. వంగితే కిందిది ఆగుతుంది, పైది తల మీదుగా పోతుంది, కానీ మధ్యదెబ్బ మొహం పగలగొడుతుంది. కాబట్టి మీరు వంగడం నేర్చుకున్న రోజున, ఎదుటివాడు మధ్యదెబ్బ నేర్చుకోక తప్పదు. అతను మధ్యదెబ్బ కొడతాడని మీరు లేచి నిలబడితే, అతను మీ దగ్గరకు వచ్చి పట్టుకుని విసరడం నేర్చుకుంటాడు. విసరబోతుండగా విడిపించుకోవడం మీరు నేర్చుకుంటారు. ఆట అంటే ఈ మెట్లే. మొదటి మెట్టు మీద సుద్దతో గీత గీస్తే పైమెట్లు ఉన్నాయని ఎవరికీ తెలియదు.

హాస్టల్ కుర్రాడు మా షాపుకు రావడం మానేశాడు. కొత్తపేటలో ఇంకో షాపు ఉండేది, అక్కడికి వెళ్ళాడు. అక్కడి యజమాని ఎవరు ఏ బొమ్మతో ఆడినా పట్టించుకునేవాడు కాదు. వేసవి సెలవుల్లో రెండు షాపుల వాళ్ళు పోటీ పెట్టుకున్నారు. మా వాళ్ళు ముందే షరతు పెట్టారు, ఎడ్డీ ఉండకూడదని. కొత్తపేట వాళ్ళు నవ్వి ఒప్పుకున్నారు. ఎడ్డీ లేకుండానే మా వాళ్ళను వరసగా కూర్చోబెట్టి ఓడించారు. జిన్‌తో, లాతో, పాల్‌తో, ఎవరి చేతికి ఏ బొమ్మ వస్తే దానితో. మా మొనగాడిని ఓడించినవాడు కూడా మామూలు కింది తన్నుతో మొదలుపెట్టి, అతను కంగారుగా వంగగానే మధ్యలో కొట్టాడు. నెలల తరబడి తన షాపులో ఎవరూ తన కాళ్ళ జోలికి రాకపోతే, వంగడం ఎప్పుడు నేర్చుకుంటాడు పాపం? ఆ ఓటమికి కారణం మా బాబాయి సుద్దముక్కేనని నేను ఇప్పటికీ నమ్ముతాను.

ఈ "గెలుపు పిచ్చి" ఆటలోని అందాన్ని చంపేస్తుందని కొందరు వాదిస్తారు. ఫైటింగ్ గేముల చరిత్రలో అందరూ అందమైనదిగా చెప్పుకునే ఘట్టాన్నే తీసుకోండి. 2004లో కాలిఫోర్నియాలో జరిగిన ఈవో అనే పెద్ద ఫైటింగ్ గేముల పోటీ, ఆట స్ట్రీట్ ఫైటర్ 3 థర్డ్ స్ట్రైక్. జపాన్ ఆటగాడు దైగో ఉమెహారా చేతిలో కెన్ అనే బొమ్మ, అమెరికా ఆటగాడు జస్టిన్ వాంగ్ చేతిలో చున్-లీ అనే బొమ్మ. తెర మీద దైగో బొమ్మ ప్రాణాన్ని చూపే గీత దాదాపు ఖాళీ అయిపోయింది. ఆ స్థితిలో చున్-లీ పెద్ద తన్నుల వరుసను మామూలుగా కాచుకున్నా సరే, ఆ కాచుకోవడంలో పోయే చిటికెడు ప్రాణంతోనే ఓడిపోతాడు. జస్టిన్ ఆ లెక్కతోనే ఆ వరుస వదిలాడు. దైగో ప్రతి తన్ను తగిలే క్షణంలో సరిగ్గా ముందుకు నొక్కి, 15 తన్నులనూ పక్కకు నెట్టి, తిరగబడి గెలిచాడు. హాలు ఎలా ఊగిపోయిందో వీడియోలో చూడవచ్చు. ఇప్పుడు ఆలోచించండి. "పాపం, చిటికెడు ప్రాణం ఉంది కదా, ఇలా ముగిస్తే బాగుండదు" అని జస్టిన్ మొహమాటపడి ఉంటే ఆ అద్భుతం ఎక్కడి నుంచి వచ్చేది? ఎదుటివాడు కనికరం లేకుండా ఆడినందువల్లే దైగో అంత ఎత్తుకు వెళ్ళాడు. అదే పోటీ ఫైనల్లో దైగో ఓడిపోయాడన్న సంగతి చాలామందికి గుర్తు కూడా లేదు.

క్రికెట్‌లోనూ ఈ రచ్చే చూశాం. 2019 ఐపీఎల్‌లో జైపూర్‌లో అశ్విన్ నాన్‌స్ట్రైకర్ వైపు బట్లర్‌ను రనౌట్ చేస్తే క్రీడాస్ఫూర్తి లేదని దేశమంతా ఉపన్యాసాలిచ్చింది. క్రీజు దాటి ముందే పరుగు దొంగిలించబోయినవాడి స్ఫూర్తి గురించి ఎవరూ అడగలేదు. 2022లో, క్రికెట్ నియమాలు రాసే ఎంసీసీ ఆ నియమాన్ని 'అన్యాయమైన ఆట' విభాగం నుంచి తీసి రనౌట్ల విభాగంలో పెట్టింది. అశ్విన్ మొదటి నుంచీ చెప్పింది అదే.

మన ఇళ్ళలో సంగతి ఇంకా బాధ కలిగిస్తుంది. ఆ రోజుల్లో మా షాపుకు వచ్చే కుర్రాళ్ళంతా ఎంసెట్ కోచింగ్ పిల్లలే. అక్కడ లెక్క చేయకుండానే జవాబు పట్టుకునే అడ్డదారులు నేర్పితే తెలివి. ర్యాంకు కోసం పండగలకు ఇంటికి రాకపోయినా, తిండి నిద్ర మానేసినా పట్టుదల. అదే పిల్లవాడు ఆటలో తనకు వచ్చిన ఒక్క దెబ్బతో గెలిస్తే తొండి. గెలవాలన్న కోరికను చదువులో కొరడాతో తోలి, ఆటలో సిగ్గుపడాల్సినదిగా చేశాం. గెలవడానికి ఇష్టపడటం ఎలాగో పిల్లలు హాయిగా నేర్చుకోగలిగే చోటు ఆట ఒక్కటే, అక్కడ కూడా వాళ్ళను వదలం.

2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో స్ట్రీట్ ఫైటర్ 5 పతకాల ఆటగా ఉంది. మన దేశం నుంచి మయాంక్ ప్రజాపతి, అయాన్ బిశ్వాస్ వెళ్ళారు, పతకం రాలేదు. బంగారం గెలిచింది దక్షిణ కొరియాకు చెందిన కిమ్ గ్వాన్-వూ. అప్పటికి అతనికి 44 ఏళ్ళు. ఫైనల్‌లో తైవాన్ ఆటగాడిపై 4-3తో గట్టెక్కాడు. చిన్నప్పుడు ఆర్కేడ్‌లో బాగా ఆడితే పెద్ద కుర్రాళ్ళు పక్కకు లాక్కెళ్ళి కొట్టేవారనీ, అయినా తాను ఆట మానలేదనీ గెలిచాక చెప్పాడు. ఆ మాట చదివినప్పుడు నాకు మా హాస్టల్ కుర్రాడే కళ్ళ ముందు మెదిలాడు.

అయితే నిషేధం ఎప్పుడూ తగదా అంటే, ఒక్క సందర్భంలో తగుతుంది. 1994లో వచ్చిన సూపర్ స్ట్రీట్ ఫైటర్ 2 టర్బోలో అకుమా అనే దాచిన బొమ్మ ఉంది. గాల్లోంచి విసిరే అతని అగ్నిగోళాలకు మిగతా బొమ్మల దగ్గర సరైన విరుగుడే లేదు. అతణ్ణి వదిలితే అందరూ అతణ్ణే తీసుకోవాలి, ఆటలో ఇక మిగిలేది లేదు. అందుకే అమెరికా పోటీల్లో తీసేశారు. అది కూడా వెతికి వెతికి, విరుగుడు లేదని తేలాకే. ఒక్క సాయంత్రం ఓడిపోయి అలిగి తీసేయడం వేరు.

అసలు తొండి ఏదో కూడా చెబుతాను. ఎదుటివాడు కొట్టబోతుండగా స్టార్ట్ నొక్కి ఆట ఆపడం. మోచేత్తో పొడవడం. ఇప్పటి ఆన్‌లైన్‌లో ఓడిపోయే క్షణంలో నెట్ వైరు పీకేయడం, నిన్న మొన్న మొదలుపెట్టినవాళ్ళను చితక్కొట్టడానికి కొత్త అకౌంటు తెరవడం. ఆఫీసు అయ్యాక ఓ గంట ఆడుకుందామని కూర్చుంటే ఇలాంటివాళ్ళు తగిలి సాయంత్రమంతా పాడు చేస్తారు. వీళ్ళను గెలుపు పిచ్చివాళ్ళు అంటే నేను ఒప్పుకోను. వీళ్ళు ఓటమికి భయపడేవాళ్ళు. నిజంగా గెలవాలనుకునేవాడు తనకంటే గట్టివాణ్ణి వెతుక్కుంటూ పోతాడు.

లాహోర్ కుర్రాడు అర్స్‌లాన్ యాష్ 2019లో ఫుకువొకాలో జరిగిన ఈవో జపాన్‌నూ, అదే ఏడాది లాస్ వెగాస్ ఈవోనూ టెక్కెన్ 7లో గెలిచాడు. అంతకుముందు ప్రపంచంలో అతని పేరు విన్నవాళ్ళు తక్కువ. గెలిచాక అతను చెప్పింది ఏమిటంటే, మా దేశంలో నాలాంటివాళ్ళు ఇంకా ఉన్నారని. 'నీ' (Knee) అనే పేరుతో ఆడే కొరియా దిగ్గజం ఆ మాట విని ఊరుకోలేదు. పాకిస్తాన్ వెళ్ళి, అక్కడి కుర్రాళ్ళతో ఆడి, ఓడిపోతూ నేర్చుకున్నాడు. గెలుపు మీద ప్రేమ అంటే నాకు తెలిసింది ఇది. గుంటూరులోనూ, విజయవాడలోనూ, వరంగల్‌లోనూ గల్లీకో షాపు ఉన్న రోజుల్లో మనకూ అలాంటి గుంపు తయారయ్యే అవకాశం ఉండేది. గోడల మీద సుద్దరాతలు లేకపోతే తయారయ్యేదనే నా నమ్మకం.

ఇక మీ స్నేహితుడి సంగతి. టెక్కెన్ 8లో మీరు ఓడిపోయిన మ్యాచ్‌నే మళ్ళీ చూస్తూ, మధ్యలో ఆపి, అక్కడి నుంచి మీరే ఆడి చూసుకునే వీలుంది. ఎక్కడ కాచుకోవాలో, కాచుకున్నాక ఏ దెబ్బ తగులుతుందో తెర మీదే సూచిస్తుంది. ముందు అది చూడండి. తర్వాత ప్రాక్టీసులోకి వెళ్ళి ఎదుటి బొమ్మకు అతని దెబ్బనే రికార్డు చేసి, మీ వేళ్ళకు అలవాటయ్యేదాకా వేయించుకోండి. వెనక్కి పోతూ టైం గడిపేస్తున్నాడంటే మీరు తొందరపడి మీదికి ఉరుకుతున్నారన్నమాట. నెమ్మదిగా గోడ దాకా తోలుకెళ్ళండి, గోడ వెనక ఇక చోటుండదు. వీలైతే అతణ్ణే పక్కన కూర్చోబెట్టుకుని, "నీ దెబ్బకు ఎవరైనా ఏం చేస్తే నీకు ఇబ్బంది?" అని అడగండి. ఆట మీద ప్రేమ ఉన్నవాడైతే చెబుతాడు. అప్పటికీ తగులుతూనే ఉంటే, అతను ఏ బొమ్మ వాడుతున్నాడో, ఆ దెబ్బ ఏదో కింద రాయండి. నేను చూసి చెబుతాను.