హేవెన్‌స్ట్రీట్ యార్డులో అసలు ఏం పని జరుగుతుంది?

ఇంగ్లండ్ దక్షిణ తీరం పక్కనున్న వైట్ ద్వీపంలో ఆవిరి రైళ్ల మామూలు సర్వీసులు 1966తో ఆగిపోయాయి. పాత ఇంజన్లను, పెట్టెలను కాపాడాలనుకున్న ఔత్సాహికులు 1971లో వాటిని హేవెన్‌స్ట్రీట్ స్టేషన్‌కు చేర్చారు. అక్కడి యార్డే ఇప్పటికీ వాళ్లు మొదలుపెట్టిన చిన్న ఆవిరి రైల్వేకి ప్రాణం.

ఎక్కువ శ్రమ బాయిలర్‌దే. నీటిలోని సున్నం లోపల పేరుకుంటుంది కాబట్టి అప్పుడప్పుడు దాన్ని ఖాళీ చేసి కడగాలి. సుమారు పదేళ్లకోసారి ఇంజన్‌ను పూర్తిగా విప్పి, గొట్టాలు తీసి పరీక్షిస్తారు. 1891లో తయారైన ‘కాల్‌బోర్న్’ ఇంజన్ తన ఓ2 తరగతిలో మిగిలిన ఒకే ఒక్కటి, విడిభాగాలు బజార్లో దొరకవు. అరిగిన భాగాన్ని బాగుచేయాలి, లేదా కొత్తగా చేయించాలి.

నాకు ఇంకా గొప్పగా అనిపించేది పెట్టెల పని. చక్రాలు తీసేసి ఇళ్లుగా, షెడ్లుగా వాడుకున్న పాత చెక్క పెట్టెలను తెచ్చి, కుళ్లిన చెక్క మార్చి, వేరే రైలు వ్యాన్ల చాసిస్‌ను (చక్రాలుండే కింది చట్రాన్ని) సైజుకు కుదించి దాని మీద ఎక్కిస్తారు. వాటిలో ఇప్పుడు ప్రయాణికులు కూర్చుంటున్నారు! ఈ పనిలో వాలంటీర్ల చెయ్యి చాలా ఉంది.